విశాఖలో పెంపుడు కుక్కకు, పిల్లికి రేబీస్ టీకా: వయసు లెక్క నుంచి లైసెన్స్ దాకా, కాటు పడ్డ రోజు దాకా

విశాఖలో కుక్కను పెంచేవాళ్లని రేబీస్ టీకా వేయించారా అని అడిగితే లేదనేవాళ్లు తక్కువే. "పిల్లగా ఉన్నప్పుడే వేయించేశాం" అంటారు. తిరకాసంతా ఆ మాటలోనే ఉంది. ఎప్పుడో ఒకసారి వేయించిన టీకాకి గడువు తీరిపోతుంది. గడువు తీరాక డాక్టర్ దృష్టిలోనూ, కార్పొరేషన్ దృష్టిలోనూ అది టీకా లేని కుక్కే. పిల్లి సంగతి అడిగితే ఇంకా సులువైన జవాబు వస్తుంది: "అది గడప దాటదండీ." బాల్కనీలోంచి పక్కింటి గోడ మీదికి దూకే పిల్లి గురించి కూడా ఇదే మాట.

టీకా గురించి చెప్పేవాళ్లు చాలామంది ఇంజెక్షన్ దగ్గర ఆగిపోతారు. నేను కాగితం దగ్గర కూడా కాస్త ఎక్కువసేపు ఆగుతాను. అపార్ట్‌మెంట్‌లో గొడవ వచ్చిన రోజున, రైలెక్కే రోజున, మన కుక్క పక్కింటి అబ్బాయిని కరిచిన రోజున అందరూ అడిగేది ఒకటే: కార్డు చూపించండి.

ముందు, ఏ నిబంధన ఎక్కడిది

ఇది పొడిగా ఉంటుంది కానీ ఒకసారి తెలుసుకుంటే ఎవరైనా దబాయించినప్పుడు పనికొస్తుంది.

జంతు జనన నియంత్రణ నిబంధనలు, 2023. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కేంద్రం 2023 మార్చి 10న వీటిని నోటిఫై చేసింది. అంతకుముందున్న 2001 నిబంధనల స్థానంలో వచ్చాయి. అందరూ వీటిని వీధికుక్కల నిబంధనలనే అనుకుంటారు. పెంపుడు జంతువుల మాటా అందులో స్పష్టంగా ఉంది: నులిపురుగుల మందు, టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ఈ మూడూ యజమాని బాధ్యత. వీధి జంతువుల బాధ్యత స్థానిక సంస్థది. అంటే మన ఇంటి కుక్కకి టీకా వేయమని జీవీఎంసీని, అంటే మహా విశాఖ నగరపాలక సంస్థని, అడిగే హక్కు మనకి లేదు. వేయించారా అని అడిగే హక్కు వాళ్లకుంది.

రెండోది జంతువుల్లో అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం, 2009. దీని జాబితాలో రేబీస్ ఉంది. తన జంతువుకి ఈ జబ్బు ఉందని అనుమానం వస్తే యజమాని అధికారులకి తెలియజేయాలి, దాన్ని మిగతా జంతువుల నుంచి వేరుగా ఉంచాలి. గుట్టుగా ఇంట్లో పెట్టుకుని ఊరుకోవడం చట్టప్రకారం తప్పు. ఈ చట్టం గురించి తెలిసిన కుక్కల యజమానులు నాకు చాలా అరుదుగా తగిలారు.

మూడోది మున్సిపల్ లైసెన్స్. నగరంలో పెంపుడు కుక్కకి జీవీఎంసీ దగ్గర లైసెన్స్ తీసుకోవాలి. దానికి మూలం రేబీస్ టీకా సర్టిఫికెట్. ఇక పద్మనాభం వైపో, ఆనందపురం వైపో పంచాయతీ పరిధిలో ఉంటే మాకివేవీ వర్తించవులే అనుకోకండి. గ్రామ పంచాయతీల్లోనూ కుక్కలకి లైసెన్స్ తప్పనిసరి చేస్తూ 2020 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది.

నాలుగోది భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాత శిక్షాస్మృతిలో ఈ జరిమానా 1,000 రూపాయలే ఉండేది.

మొదటి పని: వయసు లెక్క

కుక్కపిల్లకైనా పిల్లికూనకైనా మొదటి రేబీస్ టీకా మూడు నెలలు, అంటే 12 వారాలు నిండాక. అంతకంటే ముందు వేస్తే తల్లిపాల ద్వారా వచ్చిన యాంటీబాడీలు (జబ్బుతో పోరాడే ప్రోటీన్లు) టీకాని సరిగ్గా పనిచేయనివ్వవు. తర్వాత మూడు నాలుగు వారాలకి రెండో డోసు, దాన్నే బూస్టర్ అంటారు. కొన్ని దేశాల్లో ఈ రెండో డోసు ఏడాది తర్వాతే వేస్తారు. మన దగ్గర వీధికుక్కల్లో రేబీస్ ఇంకా తిరుగుతోంది కాబట్టి డాక్టర్లు అంత ఆగరు, మనమూ ఆగకూడదు. ఆ తర్వాత ఏటా ఒకటి.

పెద్ద వయసు కుక్కని దత్తత తీసుకుంటే, పాత కార్డు లేకపోతే, ఏమీ వేయించలేదనే లెక్కతో మళ్లీ మొదలుపెట్టించండి. ఇంకో టీకా పడినందువల్ల దానికి వచ్చే నష్టం లేదు.

ఇక్కడ చాలామంది పడే గందరగోళం ఒకటి చెప్పాలి. కుక్కపిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టే సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ టీకాలున్నాయి కదా, వాటిలో మామూలుగా రేబీస్ ఉండదు. అవి డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్, ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టో లాంటి జబ్బులకి. పేరులో తొమ్మిది ఉంది కాబట్టి అన్నీ ఉన్నాయనుకుంటారు. పిల్లులకి వేసే ట్రైక్యాట్ లాంటి మూడింటి టీకా కూడా అంతే. రేబీస్‌కి విడిగా మరో సీసా ఉంటుంది: నోబివాక్ రేబీస్, రక్షారాబ్, రేబిసిన్, డిఫెన్సార్ లాంటి పేర్లతో. రేబీస్ కలిపిన కాంబినేషన్లు కొన్ని ఉన్నాయి. అందుకే కార్డు మీద పేరు చదవాలి, 'రేబీస్' అనే మాట కనిపించాలి.

కుక్కపిల్లని కొంటున్నవాళ్లకి ఇంకో మాట. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. నలభై రోజుల పిల్లని చేతిలో పెట్టి "అన్ని ఇంజెక్షన్లూ అయిపోయాయి సార్" అనేవాడు ఉంటే, రేబీస్ ఆ వయసులో వేయరన్న ఒక్క విషయం గుర్తుంటే చాలు, మిగతా మాటల విలువ తెలిసిపోతుంది.

రెండో పని: ఎక్కడ వేయించాలి

పశుసంవర్ధక శాఖ ఆసుపత్రులున్నాయి, నగరమంతటా ప్రైవేటు క్లినిక్‌లున్నాయి. ప్రైవేటులో ఒక డోసు కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. ప్రభుత్వ పశువుల ఆసుపత్రి అంటే గేదెలకీ ఆవులకే అనుకుని ఆ గేటులోకి అడుగుపెట్టని వాళ్లున్నారు. కుక్కలకీ పిల్లులకీ కూడా అక్కడే చూస్తారు.

రెండు తేదీలు క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. ఒకటి జూలై 6. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ కుక్క కరిచిన పిల్లవాడికి మొదటిసారి రేబీస్ టీకా వేయించాడు. జంతువుల నుంచి మనుషులకి వచ్చే వ్యాధుల దినంగా దాన్ని జరుపుతారు. మన రాష్ట్రంలో ఆ రోజున పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకి ఉచితంగా రేబీస్ టీకా శిబిరాలు పెట్టడం ఆనవాయితీ. రెండోది సెప్టెంబరు 28, పాశ్చర్ కన్నుమూసిన రోజు, ప్రపంచ రేబీస్ దినం. ఉచితం కదా అని గడువు తీరాక జూలై దాకా ఆగడం మాత్రం మంచిది కాదు. శిబిరానికి వెళ్తే ఉదయం తొందరగా వెళ్లండి, కుక్కని గొలుసుతో, పిల్లిని మూత ఉన్న బుట్టలోనో కేరియర్‌లోనో పెట్టుకుని. వరసలో పదిహేను కుక్కలు ఒకదాన్ని చూసి ఒకటి మొరుగుతుంటే చేతిలోని పిల్లి నిలవదు. అది గీరితే ఆ రోజు మీరు ఇంకో ఆసుపత్రికి వెళ్లాలి.

మూడో పని: సీసా సంగతి

రేబీస్ టీకాని 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉంచాలి. వేడి తగిలితే పాడవుతుంది, ఫ్రీజర్‌లో గడ్డకట్టినా పాడవుతుంది. విశాఖవాళ్లకి కరెంటు పోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఫ్రిజ్‌లన్నీ రోజుల తరబడి అలమారాల్లా మిగిలిపోయాయి. తుపాను తర్వాత వారాల్లో టీకా వేయించాల్సి వస్తే, స్టాకు కొత్తదా, పాతదా అని డాక్టర్‌ని అడగడానికి మొహమాటపడొద్దు. మంచి డాక్టర్ దానికి నొచ్చుకోరు.

మందుల షాపులో సీసా కొని, జేబులో పెట్టుకుని, మే నెల ఎండలో గాజువాక నుంచి బండి మీద తెచ్చి "వేసేయండి డాక్టర్ గారూ" అనే పద్ధతి ఒకటుంది. నాకు ఇది నచ్చదు. క్లినిక్ ఫ్రిజ్‌లోంచి తీసి మీ ఎదుటే సిరంజిలోకి ఎక్కించేదే మేలు. కొని తేక తప్పకపోతే ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో తీసుకెళ్లండి, ఐసు సీసాకి నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టండి.

జ్వరంతోనో విరేచనాలతోనో ఉన్న కుక్కకి టీకా వాయిదా వేస్తారు. వేశాక అరగంట క్లినిక్ దగ్గరే ఉండండి. మూతి వాయడం, వాంతులు, దద్దుర్లు, నిలబడలేకపోవడం లాంటివి అరుదు, కానీ వస్తే డాక్టర్ పక్కనే ఉంటారు. ఆ సాయంత్రం కాస్త మందకొడిగా ఉండటం, తిండి తగ్గించడం మామూలే. పిల్లికి ఇంజెక్షన్ వేసిన చోట చిన్న గడ్డలా వస్తే కొన్ని వారాల్లో పోవాలి. నెల దాటాక కూడా పెరుగుతున్నా, రెండు సెంటీమీటర్లకి మించినా, మూడు నెలలైనా పోకపోయినా చూపించాల్సిందే. అలాంటి గడ్డల్లో ఎప్పుడో ఒకటి కేన్సర్‌గా తేలుతుంది. అందుకే చాలామంది డాక్టర్లు పిల్లికి మెడ మీద కాకుండా కాలి కింది భాగంలో వేస్తారు.

టీకా పడగానే రక్షణ వచ్చేయదు. మూడు నాలుగు వారాలు పడుతుంది. నిన్న టీకా వేయించిన పిల్లని ఇవాళ ఆర్కే బీచ్‌లో వీధికుక్కల మధ్య వదలకండి.

నాలుగో పని: కార్డు

బండి ఇన్సూరెన్స్ కాగితంతో పోల్చుకోండి. కాగితం ఉండటం ఒక ఎత్తు, దాని మీద తేదీ బతికి ఉండటం ఇంకో ఎత్తు. క్లినిక్ నుంచి బయటికి వచ్చేముందు కార్డులో ఇవన్నీ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి: జంతువు పేరు, జాతి, రంగు, ఆడదో మగదో, పుట్టిన తేదీ లేదా అంచనా వయసు, యజమాని పేరు, చిరునామా, టీకా పేరు, బ్యాచ్ నంబర్, దాని ఎక్స్‌పైరీ, వేసిన తేదీ, తర్వాత వేయాల్సిన తేదీ, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న ముద్ర. సీసా మీది స్టిక్కర్ ఊడదీసి కార్డులో అంటిస్తారు. అదే అన్నిటికంటే గట్టి సాక్ష్యం. స్టిక్కర్ లేకుండా ఒట్టి "ఏఆర్‌వీ (యాంటీ రేబీస్ వ్యాక్సిన్) వేశాం" అని పెన్నుతో రాసి ఇస్తే, స్టిక్కర్ అడిగి తీసుకోండి.

శిబిరాల్లో హడావుడి వల్ల కార్డు సరిగ్గా రాయరు, లేదా చిన్న చీటీ ఇస్తారు. ఆ చీటీని మీ మామూలు డాక్టర్ దగ్గర కార్డులో ఎక్కించమని అడగండి, చీటీని కూడా కార్డుకి పిన్ను చేయండి. తర్వాత మొత్తం ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి పంపండి. కాటు ఘటనలు మనం ఊళ్లో లేనప్పుడే ఎక్కువగా జరుగుతున్నట్టు అనిపిస్తుంది నాకు. పనిమనిషో వాచ్‌మనో కుక్కని తిప్పుతున్నప్పుడు.

కొన్ని టీకాల కరపత్రంలో మూడేళ్లు పనిచేస్తుందని ఉంటుంది. అది అబద్ధం కాదు. కానీ మన దగ్గర లైసెన్స్ కౌంటర్, అపార్ట్‌మెంట్ సంఘం, రైల్వే చూసేది కార్డులో డాక్టర్ రాసిన తర్వాతి తేదీనే. అది మామూలుగా ఏడాదికే ఉంటుంది. మూడేళ్ల వాదన పెట్టుకుని గెలిచినవాళ్లని నేను చూడలేదు.

ఐదో పని: జీవీఎంసీ లైసెన్స్

ప్రధాన కార్యాలయం ఆశీల్‌మెట్ట దగ్గరి తెన్నేటి భవన్‌లో ఉంది, కానీ ముందు మీ వార్డు సచివాలయంలో అడగండి. అక్కడి శానిటేషన్ కార్యదర్శికి ఈ పని ఎక్కడ జరుగుతుందో, ఆన్‌లైన్‌లో పెట్టాలా, జోనల్ కార్యాలయానికి వెళ్లాలా తెలుస్తుంది. భీమిలి నుంచి అనకాపల్లి దాకా 98 వార్డులున్న కార్పొరేషన్ ఇది, ఒక మూల నుంచి ఆశీల్‌మెట్ట దాకా ఊరికే తిరగడం ఎందుకు? అనకాపల్లి 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది కానీ పట్టణం జీవీఎంసీ పరిధిలోనే ఉంది. అక్కడివాళ్లు లైసెన్స్‌కి జీవీఎంసీనే చూసుకోవాలి.

తీసుకెళ్లాల్సినవి: గడువులో ఉన్న రేబీస్ టీకా సర్టిఫికెట్ అసలు, జిరాక్స్, ఆధార్ లాంటి చిరునామా రుజువు, కుక్క మొహం, ఒంటి రంగు కనిపించే ఫోటో, ఆపరేషన్ అయి ఉంటే దాని సర్టిఫికెట్. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ల ఆధార్‌లో ఊరి చిరునామా ఉంటుంది. కరెంటు బిల్లో, అద్దె ఒప్పందమో కూడా పట్టుకెళ్తే రెండోసారి తిరగక్కర్లేదు. ఫీజు ఎప్పటికప్పుడు మారుతుంటుంది కాబట్టి కౌంటర్‌లో అడిగి కట్టండి, రసీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు. లైసెన్స్ టీకాతోపాటే తిరగరాయించుకునే అలవాటు చేసుకుంటే రెండు తేదీల టెన్షన్ ఉండదు: టీకా వేయించిన వారంలోనే లైసెన్స్ పని పెట్టుకోండి.

టోకెన్ ఇస్తే మెడ పట్టీకి తగిలించండి. ఇవ్వకపోయినా మీ ఫోన్ నంబర్ ఉన్న చిన్న బిళ్ల తగిలించండి. దీపావళి రాత్రి టపాసులకి బెదిరి పారిపోయిన పెంపుడు కుక్కలు ఏటా ఉంటాయి. మెడలో పట్టీ లేని కుక్కని వీధికుక్కలా పట్టుకెళ్తే ఆ తప్పు పట్టేవాడిది కాదు.

లైసెన్స్ మాట ఎక్కువగా కుక్కల గురించే వినిపిస్తుంది. పిల్లి యజమానికి అందుకే టీకా కార్డు ఇంకా ముఖ్యం, చేతిలో ఉండే రుజువు అదొక్కటే.

వీధికుక్కని చేరదీసినప్పుడు

చెవి కొసన కోత ఉంటే దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందని, అప్పుడే రేబీస్ టీకా కూడా వేశారని గుర్తు. ఆ కోత నాలుగేళ్ల కిందటిది కావచ్చు. ఈ ఏడాది టీకా ఉందో లేదో చెవి చెప్పదు. విశాఖలో 1996 నుంచి పనిచేస్తున్న వీఎస్పీసీఏ లాంటి జంతు సంరక్షణ సంస్థ నుంచి దత్తత తీసుకుంటే టీకా వివరాలు రాతపూర్వకంగా అడగండి. వీధికుక్కల మీద 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో దత్తత ప్రస్తావన ఉంది: దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకోవడం తీసుకున్నవాళ్ల బాధ్యత. గేటు బయట అన్నం పెడుతూ, టీకా అడిగితే "అది మాది కాదు", పట్టుకెళ్లడానికి వస్తే "అది మాదే" అనేవాళ్లకి ఇది ఇబ్బందిగానే ఉంటుంది.

అపార్ట్‌మెంట్‌లో

పెంపుడు జంతువులని పూర్తిగా నిషేధించే అధికారం అపార్ట్‌మెంట్ సంఘానికి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలోనే మార్గదర్శకాలిచ్చింది. లిఫ్టు వాడొద్దనడమూ కుదరదు. కానీ టీకా సర్టిఫికెట్ కాపీ ఇవ్వమని అడగడం, కామన్ ఏరియాలో గొలుసు ఉండాలనడం, మలం ఎత్తాలనడం న్యాయమైనవే. అడక్కముందే కొత్త సర్టిఫికెట్ కాపీ సెక్రటరీ గారికి పంపేయండి. నా అనుభవంలో సగం గొడవలు ఆ ఒక్క కాగితంతో చల్లబడతాయి, మిగతా సగం కుక్క గురించి కాదు, పార్కింగ్ గురించి.

మన కుక్కో పిల్లో ఎవరినైనా కరిస్తే

ఈ భాగం మాత్రం ముందే చదివి పెట్టుకోండి.

మొదటి పదిహేను నిమిషాలు గాయానివి. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుంటూ కడగండి, లేకపోతే రెండు నిమిషాలకే ఆపేస్తాం. తర్వాత అయోడిన్ మందు ఉంటే రాయండి. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. గట్టిగా కట్టు కట్టొద్దు. పసరు తాగించి పథ్యం పెట్టే చోటికి తీసుకెళ్లడానికి పెద్దవాళ్లు తొందరపెడతారు. ఒప్పుకోకండి. రేబీస్ లక్షణాలు మొదలైతే బతికించే వైద్యం లేదు, లక్షణాలు రాకముందు వేసే టీకాయే దారి.

తర్వాత ఆసుపత్రి, అదే రోజు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనూ, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లోనూ కుక్కకాటు టీకా ఉచితంగా వేస్తారు. చర్మం పొరలోనే చిన్న మోతాదులో వేసే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. కండకి వేసే పద్ధతిలో 14వ రోజున కూడా ఒకటి ఉంటుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల రోజులు పోయి రెండు దశాబ్దాలైంది, ఆ భయంతో ఇంట్లో దాచిపెట్టే పిల్లలకి ఈ మాట చెప్పండి. రక్తం వచ్చేలా కరిచినా, గీరినా, గాయం మీద నాకినా టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల మందు) కూడా వేయాలి. చిన్న కేంద్రంలో అది లేకపోతే కేజీహెచ్‌కి వెళ్లాలి, రేపటికి వాయిదా వేయకుండా.

"మా కుక్కకి టీకా వేయించాం, మీకేం కాదు" అని చెప్పి పంపేయడం యజమాని చేయకూడని పని. కుక్కకి టీకా ఉన్నా కరిపించుకున్నవాళ్లు టీకా మొదలుపెట్టాల్సిందే. ఎన్ని డోసులతో ఆపాలో డాక్టర్ నిర్ణయిస్తారు. ఆ నిర్ణయానికి ఆధారం మీ కార్డూ, తర్వాతి పది రోజులూ. కార్డు ఫోటో వాళ్లకి పంపండి. ఖర్చు అయితే భరించండి.

పది రోజుల లెక్క ఇదీ. రేబీస్ ఉన్న కుక్క లేదా పిల్లి చొంగలోకి వైరస్ వచ్చేది లక్షణాలకి కొద్ది రోజుల ముందు మాత్రమే. కరిచిన నాటి నుంచి పది రోజులు అది మామూలుగా తిని, తాగి, తిరిగితే, కరిచిన రోజున దాని చొంగలో వైరస్ లేనట్టే. అందుకని ఆ పది రోజులు దాన్ని ఇంట్లోనే, కట్టేసి లేదా గదిలో ఉంచండి. ఊరికి పంపొద్దు, ఎవరికీ ఇచ్చేయొద్దు, వదిలేయొద్దు, చంపొద్దు. ఆ పది రోజుల్లో దానికి కొత్తగా రేబీస్ టీకా కూడా వేయించరు, ఇంజెక్షన్ వల్ల వచ్చే నలతని జబ్బు లక్షణంగా పొరబడే అవకాశం ఉంది కాబట్టి. రోజూ ఒక చిన్న వీడియో తీసి కరిపించుకున్నవాళ్లకి పంపితే వాళ్ల భయమూ తగ్గుతుంది, మీ దగ్గర రుజువూ ఉంటుంది. ఈ పది రోజుల లెక్క కుక్కకీ పిల్లికీ మాత్రమే. కైలాసగిరి వైపు కోతి కరిచినా, కంబాలకొండ పక్క కాలనీలో ముంగిస కరిచినా ఇది పనిచేయదు, టీకా పూర్తిగా వేయించుకోవాలి.

మన జంతువునే వీధికుక్క కరిస్తే

చేతికి గ్లవ్స్ వేసుకుని గాయం సబ్బుతో కడగండి. ఉత్త చేతులతో వద్దు, కరిచిన కుక్క చొంగ ఇంకా ఆ బొచ్చు మీదే ఉంటుంది. గడువులో ఉన్న టీకా ఉన్నా సరే, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ బూస్టర్ వేయించాలి. టీకా లేని జంతువైతే కొన్ని వారాలపాటు వరుస డోసులు, విడిగా ఉంచి గమనించడం అవసరమవుతాయి. ఈ రెండు దారుల మధ్య తేడా ఆ కార్డు మీద తేదీ. పిల్లులు రాత్రి పోట్లాడి వస్తే గాయం బొచ్చు కింద కనబడదు, వాచి చీము పట్టాకే తెలుస్తుంది. హార్బర్ వైపు చేపల కోసం తిరిగే పిల్లుల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఉన్నట్టుండి కుక్క గొంతు మారడం, చీకట్లో నక్కడం, కింది దవడ వేలాడటం, మింగలేక చొంగ కారడం, కనిపించినదల్లా కొరకడం, నడక తూలడం లాంటివి కనిపిస్తే నోట్లో ఎముక ఇరుక్కుందేమోనని చెయ్యి పెట్టొద్దు. గదిలో పెట్టి తలుపు వేసి పశువైద్యుడికి ఫోన్ చేయండి, వాళ్ల ద్వారా అధికారులకి తెలియజేయండి. చనిపోతే పెరట్లో మీరే పూడ్చేయకండి. రేబీస్ అవునో కాదో మెదడు పరీక్షలోనే తేలుతుంది. అంతకుముందు రెండు వారాల్లో దాన్ని ఎత్తుకున్నవాళ్లు, దానితో నాకించుకున్నవాళ్లు అందరి పేర్లూ ఒక కాగితం మీద రాసి ఆసుపత్రికి పట్టుకెళ్లండి.

ప్రయాణాలు

రైల్లో కుక్కని తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపే లేదా కేబిన్ మొత్తం మీదై ఉండాలి, లేదంటే గార్డు దగ్గరి లగేజీ పెట్టెలో. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో కుదరదు. విశాఖ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో టీకా కార్డూ, ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు తీసుకున్న ఫిట్‌నెస్ సర్టిఫికెట్టూ చూపించాలి. విమానంలో ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి, టికెట్ కొనేముందే అడగండి. కొత్తగా టీకా వేయించిన పిల్లకి నెల తిరగకుండా ఒప్పుకోకపోవచ్చు.

పిల్లలు అమెరికాలోనో యూరప్‌లోనో ఉండి, పెద్దవాళ్లు కుక్కతో సహా వెళ్దామనుకునే ఇళ్లు విశాఖలో తక్కువేం కాదు. వాళ్లు కనీసం ఆరేడు నెలల ముందు మొదలుపెట్టాలి. యూరప్‌కైతే వరుస ఇలా ఉంటుంది: ముందు చర్మం కింద పెట్టే 15 అంకెల గుర్తింపు మైక్రోచిప్, ఆ తర్వాతే రేబీస్ టీకా, టీకా అయిన కనీసం 30 రోజులకి రక్తపరీక్ష, అందులో యాంటీబాడీలు మిల్లీలీటరుకి కనీసం 0.5 యూనిట్లు ఉండాలి, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. చిప్ కంటే ముందు వేసిన టీకాని లెక్కలోకి తీసుకోరు, ఎన్నేళ్లుగా వేయిస్తున్నా సరే, మళ్లీ మొదటి నుంచి రావాలి. చిప్ పెట్టించిన రోజున ఆ 15 అంకెలు టీకా కార్డు మొదటి పేజీలో రాయించండి, తర్వాత వేసే ప్రతి టీకా పక్కనా అదే నంబర్ ఉండేలా చూసుకోండి.